కొబ్బరినూనె పనికిరాదు

ఓలేటి పోలేశు ఓడ దిగిన పన్నెండో రోజున
మా కొట్టుకొచ్చాడు.
నరసాపురం స్టీమరు రోడ్డులో
కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నాది.
కత్తి పట్టుకుని ఇంతవరకూ ఎవరూ రాలేదు.

జేబురుమాలు విప్పాడు.
అరచేతిలో ఇమిడే మడతకత్తి.
ఏదో జపాను రేవులో రెండు నెలల జీతం పోసి కొన్నాడట.
"రేటు మా ఇంట్లో తెలీకూడదండి, ఆయ్."
వాళ్ళావిడ జాకెట్ల మిషను
నా బల్లకిందే ఉంది మరి.

తెరవబోతే మొరాయించింది.
లోపల అంతర్వేది ఇసుక,
ఎండి అద్దంపెంకులా మారిన ఒక చేప పొలుసు,
రెండింటినీ కలిపి పట్టుకున్న కొబ్బరినూనె.
ఆయన్నేం అంటాం?
ఈ సీమలో తలకీ అదే, తలుపు బందుకీ అదే,
పసిబిడ్డ పొట్టకీ, దీపం ప్రమిదకీ అదే.
ఉక్కు కీలు మాత్రం దాన్ని ఒప్పుకోదు.
నాలుగు నెలల్లో మైనమై కూర్చుంటుంది.
మిషనాయిలు చూపించాను. నీళ్ళలా ఉంది, వాసన లేదు.
రుచి లేని కూర చూసినట్టు చూశాడు.

ఇక స్క్రూలు.
ఆరు రేకుల పువ్వు చెక్కిన తలలు, మూడు.
ఒకదాని పువ్వు అరిగి గుండ్రమైపోయింది.
"దేంతో తిప్పారు?"
నేల చూశాడు.
"కూరల చాకు మొనతోనండి."
అప్పుడు మా నాన్న మాట నా నోట్లోంచి వచ్చింది:
"స్క్రూకి కోపం రాదు. మొహం పోతుంది, అంతే."

టంకం కడ్డీ కాల్చి
దాని నెత్తిన ఆనించాను, ఇరవై లెక్కపెట్టేదాకా.
కంపెనీవాడు పోసిన నీలం బంక లోపల మెత్తబడాలి.
సన్న ఆకురాయితో అడ్డంగా ఒక గాడి కోసి
నాన్న సైకిలు పుల్ల అరగదీసి చేసుకున్న డ్రైవరు పెట్టి
ఊపిరి బిగబట్టి
కొంచెం.
ఇంకొంచెం.
కిర్రుమంది. వచ్చింది.

తెల్లగుడ్డ మీద విడదీసిన వరసలోనే పేర్చాను.
రాగిరంగు వాషర్లు రెండు, ఇరుసు, అలుగు.
ఆవగింజలో సగం ఉన్న ఉక్కు గుండు ఒకటి
టప్పున ఎగిరిపోయింది.
ఓడ ఇంజను గదిలో పదిహేనేళ్ళు చేసిన మనిషి
నా బల్లకింద నాలుగు కాళ్ళ మీద పాకాడు.
పాత రేడియో స్పీకరు అయస్కాంతం గుడ్డలో చుట్టి
నేలంతా తిప్పితే
విరిగిన సూది మొనలు పదకొండు,
ఒక కొక్కెం, ఎవరిదో చెవిదిద్దు శీల,
ఆఖర్న అది.

కంపెనీ పిడి చల్లగా ఉంటుందట, తనది కానట్టు.
వాళ్ళ తాత నావ చుక్కాని ముక్క తెచ్చాడు.
టేకు. ఉప్పునీళ్ళు తాగీ తాగీ నల్లబడింది.
రెండు పలకలు కోసి, పట్టుకాగితంతో రుద్ది,
అతని వేలి ముడుపు ఎక్కడ ఆనుతుందో అక్కడ పల్లం తీశాను.
చెక్కలో పాత మేకు కన్నం ఒకటుంది.
పూడ్చమన్నాడు.
పూడ్చలేదు. తాడు దూర్చుకోడానికి
అంతకన్నా మంచి చోటు లేదు.

బిగించడమే అసలు పని.
ఎక్కువైతే తెరుచుకోదు, తక్కువైతే అలుగు అటూ ఇటూ ఊగుతుంది.
రెంటికీ మధ్య
గడియారం ముల్లు ఒక నిమిషం నడిచినంత.
తిప్పాను, వెనక్కి తిప్పాను, మళ్ళీ తిప్పాను.
ఒక్క చుక్క ఆయిలు.
అప్పుడు దాని బరువుకి అదే జారి మూసుకుంది,
టక్.

ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గీసి చూసుకున్నాడు.
"మీ ఇంట్లో కత్తిపీట ఎంత పదునో!"
నేను మాట మార్చాను.
మా కత్తిపీట మీద టమాటా
తెగదు, నలుగుతుంది.

డబ్బులిచ్చి, అరిగిన స్క్రూ తీసుకోబోయాడు.
"అది ఇక్కడుంటుంది" అన్నాను.
నాన్న నాటి హార్లిక్సు సీసా ఉంది అలమారులో,
మొహాలు పోయిన స్క్రూలతో సగానికి పైగా.
కొన్ని ఊరివాళ్ళవి, కొన్ని ఆయనవి,
నేను పని నేర్చుకున్న ఏడాదివే
ఎక్కువ.